వేట బంద్ రోజుల్లో బయాలజీ గది

నా తర్వాత ఆ గది తాళాలు ఎవరు తీసుకున్నారో నాకు తెలియదు. ఎవరైనా సరే, మొదటి రోజు చీపురు పట్టుకుని లోపలికి వెళ్లకండి. ఉత్త చేతులతో వెళ్లి, ఒక మూల నిలబడి, ఏది చెత్తో ఏది పాఠమో అడిగి తెలుసుకోండి. నేను అడగలేదు. అందుకే ఇదంతా చెప్పాల్సి వస్తోంది.

నేను అప్పలనర్సమ్మని. ద్వారకా నగర్లో కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక స్కూల్లో, పదకొండు, పన్నెండు తరగతుల బయాలజీ ల్యాబులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. మొదట ఆయా అన్నారు, తర్వాత అటెండరన్నారు. పేరు మారింది కానీ బకెట్టు మారలేదు. మా ఆయన స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. ఆయన పోయాక కూర్మన్నపాలెంలో బస్సెక్కి కాంప్లెక్స్ బస్టాండులో దిగడం, సాయంత్రం మళ్లీ అటు ఎక్కడం, ఇదే నా బతుకు. నా చదువు సంతకం వరకే. బస్సు మీద అంకెలు కూడా చదవగలను. నేను చెబుతుంటే పక్కింటి భవాని రాస్తోంది. నేను ‘నాను’ అంటే అది ‘నేను’ అని రాస్తోంది. పుస్తకంలో అలాగే ఉండాలంట. రాసుకోనీ. నా మాటల్ని ఉతికి ఆరేసినా అవి నావే కదా.

జీతం ఎప్పుడు పెరిగిందో, సర్వీసు బుక్కులో ఏం రాశారో చెప్పను. వాటిలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నేను చెప్పేది మే నెల గురించి. పదో తరగతి పాసై అడ్వాన్స్‌డ్ బయాలజీ తీసుకుంటామనే పిల్లలకి మా స్కూల్లో మే నెలలో నాలుగు వారాలు ముందస్తు క్లాసులు పెడతారు. నలభై మంది దాకా వస్తారు. చివరి రోజు పరీక్ష పెట్టి ఇరవై మందిని ఉంచుకుంటారు. ఏడాది పనంతా ఒక ఎత్తు, ఆ నాలుగు వారాలు ఒక ఎత్తు. వెర్రి ఎండ, తిరగని ఫ్యాను, నలభై మంది డాక్టర్లు.

మురుగు నీళ్లు

నేను చేరింది అలాంటి మే నెలలోనే. కిటికీ గట్టు మీద ఆరు గాజు సీసాలు కనిపించాయి. లోపల కుళ్లిన గడ్డి, పైన తెట్టు, దగ్గరికి వెళితే కంపు. పక్కన పళ్లెంలో పచ్చగా బూజు పట్టిన రొట్టె. నాకంటే ముందు పనిచేసినామె ఎంత బద్ధకస్తురాలో అనుకున్నాను. కొత్త ఉద్యోగం, మంచి పేరు తెచ్చుకోవాలని తపన. సీసాలన్నీ మోరీలో వంచేసి, సబ్బుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోమి, ఎండలో బోర్లించాను. రొట్టె కాకులకి వేస్తే అవి కూడా వద్దన్నాయి.

అప్పట్లో బయాలజీ చెప్పేది సూర్యారావు సారు. ఆయన వచ్చి గట్టు చూశారు, నన్ను చూశారు, మళ్లీ గట్టు చూశారు. ఆ నీళ్లలో పది రోజులుగా ప్రాణుల్ని పెంచుతున్నానని, ఆ పూట పిల్లలకి చూపించాల్సింది వాటినేనని నెమ్మదిగా చెప్పారు. నేను భయపడిపోయి, “ఒక్క పురుగూ లేదు సార్, నాను బాగా సూసే పారబోసేను” అన్నాను.

“కనబడవు నర్సమ్మా. కనబడవనే మైక్రోస్కోపు కొన్నారు” అన్నారాయన.

కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వారం దాకా మోరీ పక్కనుంచి నడవాలంటే మనసొప్పేది కాదు.

ఆ నెలలోనే ఇంకో పని చేశాను. గదిలో ఒక అస్థిపంజరం నిలబెట్టి ఉంటుంది. ప్లాస్టిక్‌దే. అయినా మనిషి ఆకారం. ఒంటి మీద నూలుపోగు లేకుండా నా ఎదురుగా నిలబడి ఉంటే అన్నం ఎలా దిగుతుంది? నా పాత తువ్వాలు తెచ్చి దాని నడుముకి చుట్టాను. ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్ గారు అడ్మిషన్ల కోసం పిల్లలతో వచ్చిన తల్లిదండ్రుల్ని ల్యాబు చూపించడానికి తీసుకొచ్చారు. ఒకాయన దాన్ని చూసి, ఈయన స్నానానికి వెళ్తున్నారా వచ్చారా అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఒక్క మాట. ఆ రోజు ఆ గదిలో నవ్విన పిల్ల ఒకతి భయం పోయి బయాలజీలోనే చేరింది. నాకు అది చాలు.

గాలిబుడగ

సూర్యారావు సారు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మంచి మనిషి. నా పిల్ల పెళ్లికి వచ్చి వడ్డన కూడా చేశారు. కానీ పని విషయంలో ఒళ్లు వంచేవారు కాదు. ఉల్లిపొర తీసి గాజుపలక మీద కొత్తగా పెట్టడానికి బద్ధకం. ఎప్పుడో చేసిన పలక ఒకటి ఉండేది. ఏటేటా దాన్నే మైక్రోస్కోపు కింద పెట్టి, కణం కనబడుతోందా అనేవారు. కనబడుతోంది సార్ అని నలభై మందీ అనేవారు. నల్లటి అంచుతో గుండ్రంగా ఒక వలయం గీసి, మధ్యలో ఒక చుక్క పెట్టి, దానికో పేరు రాసి, టిక్కు కొట్టించుకుని వెళ్లేవారు.

ఆయన రిటైరయ్యాక రాజ్యలక్ష్మి మేడం వచ్చింది. గోదావరి వైపు మనిషి. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం ప్లాంటు సైరన్. మొదటి రోజే ఆ పలక చూసి, “ఇది గాలిబుడగ నర్సమ్మా” అంది.

అన్నేళ్లు, అన్ని బ్యాచ్‌లు గాలిబుడగని చూసి గీశారన్నమాట. ఒక్కరు కూడా, సార్, నాకు కణం కనబడలేదు అనలేదు. అందులో కొంతమంది డాక్టర్లయ్యారు. అప్పటినుంచీ నాకు జ్వరమొస్తే ముందు డాక్టరు గారిని ఏ స్కూల్లో చదివారో అడుగుతాను.

మంచి మనిషి కావడం వేరు, మంచి పనివాడు కావడం వేరు. మేడం తిట్టేది. ఆమె తిట్లతో నాకు పని వచ్చింది. సారు తిట్టలేదు. ఆయన దగ్గర నాకు టీ పెట్టడం వచ్చింది.

ఉల్లివేర్లు, బొటనవేలు

మేడం నేర్పిన వాటిలో ముఖ్యమైనది ఉల్లివేర్ల పని. మీరూ నేర్చుకోండి. మొలకెత్తని ఉల్లిపాయ తీసుకోవాలి. కింద ఉన్న ఎండు వేర్లు బ్లేడుతో గీకేయాలి. సీసా మూతి మీద కూర్చోబెట్టి, అడుగు నీళ్లకి తగిలీ తగలనట్టు ఉంచాలి. ఎక్కువ మునిగితే కుళ్లుతుంది, తగలకపోతే ఎండుతుంది. మూడు నాలుగు రోజులకి తెల్లటి వేర్లు దిగుతాయి. పొద్దున్నే, ఎండ ముదరకముందే కొసలు కోయాలి. ఆ వేళకే లోపలి కణాలు ఒకటి రెండై చీలుతూ ఉంటాయంట. ఆ కొసని రంగులో ఉంచి, గాజుపలక మీద పెట్టి, పైన పల్చటి గాజుబిళ్ల కప్పి, బొటనవేలితో నొక్కాలి. పక్కకి జరగకూడదు, బిళ్ల పగలకూడదు. నలభై మందిలో ముప్పై ఐదు మంది బిళ్ల పగలగొడతారు. ఆ గాజుముక్కలు ఏరేది మీరే. చెప్పులు వేసుకోండి.

మూడేళ్ల కిందటి మే నెలలో ఒక పిల్ల వచ్చింది. పేరు నూకరత్నం. మునిసిపల్ స్కూల్లో పదో తరగతి మంచిగా పాసైంది. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఇల్లు. మొదటి రోజే వేరు కొసని నొక్కిన తీరు చూసి మేడం పక్కన నిలబడిపోయింది. బొటనవేలు అలా ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క నొక్కు. కణం లోపల దారాలు విడిపోతూ కనబడుతున్నాయని మేడం నన్ను కూడా పిలిచి చూపించింది. ఊదారంగు దారాలు రెండు గుంపులుగా చెరోపక్కకి లాక్కుంటున్నట్టు ఉన్నాయి. ఆ పిల్ల కన్ను ఆ గొట్టం మీంచి తీయలేదు. వెనక పిల్లలు తిట్టుకున్నారు.

ఆ పిల్లకి చోటొస్తే స్కూలు వాళ్లు ఫీజు లేకుండా రెండేళ్లు చదివిస్తామన్నారు. రాకపోతే చదువు అక్కడితో సరి. వాళ్లమ్మతో పాటు చేపల గంప ఎత్తుకోవాలి. అది ఇంట్లో ముందే చెప్పేశారు. ఇదంతా నాకెలా తెలుసంటే, వాళ్లమ్మ పోలమ్మ దగ్గరే నేను ఏళ్ల తరబడి చేపలు కొంటున్నాను. కానీ ఆ పిల్ల క్లాసులో మాత్రం చేపల మాటే ఎత్తేది కాదు. చేప అన్న పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో పేజీ కూడా రెండు వేళ్లతో తిప్పేది.

మేడం రూలు ఒకటి ఉంది. నాలుగు వారాల్లో మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తుంది. కలెక్టరు గారి అమ్మాయైనా అంతే.

నా నోరు

కప్పల్ని కోయడం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు బజార్లో కొన్న చచ్చిన చేపని పెట్టి మొప్పలు, గుండె చూపిస్తారు. చూడటానికి తేలికే. తేవడం నా చావు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవల్ని సముద్రంలోకి వెళ్లనివ్వరు. మా క్లాసులు సరిగ్గా అప్పుడే. సూర్యారావు సారైతే గోడకి బొమ్మ తగిలించి ఇదే చేప అనేసేవారు. మేడం బొమ్మ ఒప్పుకోదు.

రెండో వారం మంగళవారం నాడు ఐసులో పెట్టిన చేపలు తెచ్చాను. ఎక్కడివో, ఏనాటివో. మూత తీస్తే ముందు బెంచీ పిల్లలు వెనక బెంచీకి పోయారు. వెనక బెంచీ వాళ్లు వరండాలోకి పోయారు. మొప్పలు ఎర్రగా ఉండాలి. అవి మరిగిపోయిన టీ రంగులో ఉన్నాయి. ఇవి మొప్పలు కావు, వక్కపొడి అని మేడం ముక్కు మూసుకుంది. తాజావి ఎక్కడా దొరకవా అని అడుగుతుండగానే ఫోనొచ్చి బయటికి వెళ్లింది.

ఇక్కడే నేను నోరు తెరిచాను. మేడం లేదు, అడిగినవాళ్లు లేరు. నలభై మంది పిల్లల ముందు, “ఎందుకు బెంగ. మన నూకరత్నం ఉన్నాది కదా, ఆల్లమ్మ పోలమ్మ సేపలే అమ్ముతాది” అన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ముందు బెంచీలో ఒక పిల్ల తలెత్తి, వాళ్ల నాన్నగారు పోర్టులో ఆఫీసర్ కదా ఆయమ్మా అంది.

నూకరత్నం మొహం చూశాను. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాకైనా ఊరుకోవాలి కదా. సర్దబోయాను. అవునమ్మా, పోర్టు ఆఫీసరే, ఆల్లమ్మ సరదాకి అమ్ముతాది అన్నాను.

పోర్టు ఆఫీసరు గారి భార్య సరదాకి గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుందని అన్నేళ్ల సర్వీసున్న నేను చెప్పాను. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, ఏం చెయ్యాలో తెలియక.

బుధవారం నూకరత్నం రాలేదు. గురువారం రాలేదు. మేడం హాజరు పుస్తకంలో రెండో గీత గీసి మూసింది.

పోర్టు ఉద్యోగం

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా జాలరిపేటకి వెళ్లాను. ఎండ ఇంకా ఉంది. ఇంటి ముందు ఎల్లాజీ, అంటే పిల్ల తండ్రి, వల పరుచుకుని చిరుగులు అల్లుకుంటున్నాడు. బంద్ రోజుల్లో వాళ్లకి అదే పని. పోలమ్మ నన్ను చూడగానే, పిల్ల రెండ్రోజులుగా కడుపునొప్పని ముసుగు తన్ని పడుకుందని, డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదని మొదలెట్టింది. పిల్ల గుమ్మం లోపలే గోడకి ఆనుకుని కూర్చుంది. నా వైపు చూడలేదు.

నేను తప్పు ఒప్పుకోవడానికే వెళ్లాను. కానీ ఒప్పుకోవాలంటే జరిగింది చెప్పాలి. జరిగింది చెబితే పోర్టు సంగతి బయటపడుతుంది. ఈ లెక్క నాకు నోరు తెరిచి సగం చెప్పేశాక తట్టింది.

పోలమ్మకి ఒక్క నిమిషం పట్టింది. తర్వాత అందుకుంది. నా గంప మీదే కదే నువ్వు ఇంత పెరిగావు, నా ఒంటి వాసన నీకు సిగ్గయిపోనాదా అని. అది ఇక్కడ మొత్తం రాయించను. తల్లికి అంత నొప్పి కలిగిందని చెప్పుకుంటే చాలు.

ఎల్లాజీ వల పక్కన పెట్టాడు. కొడతాడేమో అని నేను అడ్డం వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాను.

“పోర్టులో ఏ సెక్షన్ పెట్టేవే నన్ను?” అన్నాడు.

పిల్ల పరికిణీ అంచు వేలికి చుట్టుకుంది.

“సెప్పు. రేపెవులైనా అడిగితే నానేటి సెప్పాల? ఓడ ఎక్కించే సెక్షనా, దించే సెక్షనా?”

“ఆఫీసు” అంది పిల్ల, నేల చూస్తూ.

“ఆఫీసంటే ఫ్యానుంటాదా?”

“ఏసీ.”

నన్ను అక్క వరసలో పిలిచే ఎల్లాజీ నా వైపు తిరిగి, “సూసేవా అప్పా, పుట్టి బుద్దెరిగి నాకు ఏసీ ఇచ్చింది నా కూతురొక్కత్తే” అన్నాడు. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. రెండూ అనుకుంటాను.

అప్పుడు నేను పిల్ల దగ్గర కూర్చుని, తప్పు నాదేనని, నా నోటికి తాళం లేదని చెప్పాను. క్లాసులో ఏమంటున్నారని అడిగింది. ఎవరూ ఏమీ అనడం లేదు, ఎవరి మార్కుల గొడవ వాళ్లది, ఒక పిల్ల మాత్రం మీవాళ్లు రొయ్యలు కూడా తెస్తారా అని అడిగిందన్నాను. అది నిజమే. నూకరత్నానికి నవ్వు రాలేదు. నాను రాను అత్తా, ఆల్ల మొకాలు ఎలాగ సూడాల అంది.

ఎల్లాజీ మళ్లీ వల ఒళ్లోకి లాక్కున్నాడు. కూతురి వైపు చూడకుండా, దారం నోటితో కొరుకుతూ అన్నాడు.

“నువ్వెల్లు. నీ సదువు అయ్యేదాకా నాను పోర్టులోనే సేత్తాను. ఎవులడిగినా అదే సెప్తాను.”

శుక్రవారం పొద్దున మేడం పుస్తకం తెరిచేసరికి నూకరత్నం మూడో టేబుల్ దగ్గర ఉంది. మేడం ఏమీ అడగలేదు. నేను ఆ పూట ఎవరితోనూ మాట్లాడకుండా సీసాలు తోమాను. అవసరం లేని సీసాలు కూడా తోమాను.

పరీక్ష రోజు

పరీక్షలో చేప ఉందని మేడం ముందే చెప్పేసింది. తాజా చేపలు నేను చూసుకుంటానన్నాను. తెప్ప అంటే చేత్తో తెడ్డేసుకుని వెళ్లేది; దానికి ఇంజను లేదు, బంద్ కూడా లేదు. ఎల్లాజీ తెల్లారకముందే తెప్ప మీద వెళ్లి కానగర్త చేపలు పట్టేలా, వాటిని పోలమ్మ వెనక గేటు దగ్గర నాకు అందించి వెళ్లిపోయేలా ఏర్పాటు. ఎవరూ చూడరు.

ఆ పొద్దున్నే పోలమ్మ కాలు బెణికింది. వెనక గేటు దగ్గర నేను ఎదురుచూస్తుంటే, ఎల్లాజీ ముందు గేటు నుంచి దర్జాగా వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, కాళ్లకి బూట్లు. ఆ బూట్లు ఎవరివో నేను అడగలేదు. నేను వెనక నుంచి పరిగెత్తుకొచ్చేసరికి ల్యాబు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతుల్లో న్యూస్ పేపరు చుట్టి, వలతాడుతో కట్టిన డబ్బా. కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. పేపరు చిరిగి ఒక తోక బయటికొచ్చింది.

ఎవరండీ మీరు అని మేడం అడిగింది.

“పోర్టు కాడ్నుంచండి. పార్సిలండి” అన్నాడు.

పిల్లలందరూ తెల్లకోట్లు అరువు తెచ్చుకుని టేబుళ్ల దగ్గర నిలబడి ఉన్నారు. మూడో టేబుల్ దగ్గర నూకరత్నం బొమ్మలా అయిపోయింది. మేడం డబ్బా విప్పింది. కానగర్తలు నీలంగా, వెండిలా మెరిశాయి. ఒక దాని మొప్ప మీది మూత ఎత్తి చూసి, ఎర్రగా ఉండటంతో ఆమె మొహం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. బంద్ కదా, ఇంత తాజావి పోర్టులో ఎలా దొరికాయని అడిగింది.

ఎల్లాజీ ఈ ప్రశ్నకి సిద్ధపడి రాలేదు. దొరికినాయండి, ఆఫీసులో అన్నాడు.

మేడంకి అనుమానం వచ్చింది. బంద్‌లో దొంగతనంగా పట్టిన చేపలైతే నా ల్యాబులోకి రానివ్వను, పరీక్ష ఆపేస్తాను గానీ ఇవి ముట్టుకోనివ్వను అంది. వాచ్‌మేన్‌ని పిలవమని నాతో అంది. ఎల్లాజీ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

“మేడం” అంది నూకరత్నం. “అవి తెప్ప మీద పట్టినవి. తెప్పకి బంద్ లేదు. పట్టింది మా నాన్న. ఆయనే.”

ఎల్లాజీ గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

“కాదండమ్మా. ఈ పాప ఎవులో నాకు తెల్దు. నాను పోర్టండి.”

“నాయినా, ఊరుకో” అంది పిల్ల.

“పాప పొరపాటు పడతందండి. ఆల్ల నాయిన పెద్ద ఆఫీసరండి, నాకు బాగా తెలుసు” అన్నాడు.

మేడం ఆయన్ని, పిల్లని మార్చి మార్చి చూసి, నర్సమ్మా, ఎవరీయన అంది. నలభై మంది నా వైపు తిరిగారు. నాలుక కొస దాకా వచ్చింది. ఆ గదిలో పనిచేసిన ఇన్నేళ్లలో మొదటిసారి పెదాలు బిగబట్టి నిలబడ్డాను. చెప్పుకోవాల్సినవాళ్లు చెప్పుకుంటున్నారు, మధ్యలో నేనెందుకు.

మేడం దగ్గరికి వెళ్లి ఎల్లాజీ చెవి చూసింది. తర్వాత పిల్ల చెవి చూసింది. “బాబూ, ఇద్దరి చెవి తమ్మెలూ ఒకేలా బుగ్గకి అతుక్కుని ఉన్నాయి. ఆ పాఠం పిల్లలకి ఆగస్టులో చెబుతాను. మీరు లోపలికొచ్చి కూర్చోండి” అంది. ఎల్లాజీ స్టూలు చివర కూర్చున్నాడు. ఓడిపోయినవాడిలా ఉన్నాడు. ఒక నెల కూడా కాలేదు పాపం, ఉద్యోగం పోయింది.

ఇక పరీక్ష. ఒక్కొక్కరికి ఒక చేప, ఒక ట్రే, కత్తెర. మేడం ఒక్కో టేబుల్ దగ్గరికి వచ్చి అడుగుతుంది. మూత ఎత్తాలి, మొప్పలు ఉన్నచోటే చూపించాలి, లెక్క చెప్పాలి, వెనకున్న గుండె చూపించాలి. అంతే.

చేప మాటే ఎత్తని ఆ పిల్లకి ఆ రోజు బుర్ర ఎక్కడో ఉంది. చేతులకి మాత్రం ఆ చేప తెలుసు. మేడం రెండో టేబుల్ దగ్గర ప్రశ్న ముగించి ఇటు తిరిగేసరికి, నూకరత్నం చేపని మొప్పలు పీకి, పొట్ట చీరి, పేగులు తీసి, రెండుసార్లు నీళ్లలో కడిగి, మూడు చోట్ల గాటు పెట్టి ట్రేలో పెట్టేసింది. ఉప్పు కారం పట్టించడం ఒక్కటే తక్కువ.

మొప్పలేవి అని అడిగింది మేడం.

పిల్ల తన చేతుల వంక చూసుకుంది. అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది. స్టూలు మీద ఎల్లాజీ నుదురు కొట్టుకున్నాడు.

నేను అలవాటు కొద్దీ ఆ టేబుల్ మీది చెత్తగిన్నె అప్పటికే చేతిలోకి తీసుకున్నాను, పారబోద్దామని. పిల్ల నా మణికట్టు పట్టుకుంది. “అత్తా, ఆగు” అంది.

గిన్నెలోంచి మొప్పలు ఏరింది. నీళ్లు పోసి కడిగింది. ఒక పక్క నాలుగు, ఒక పక్క నాలుగు, ఎర్రటి దువ్వెనల్లా ట్రేలో పరిచింది. పేగుల కింద వెతికి శనగగింజంత గుండె తీసి, సూదికొనతో వాటి ముందు పెట్టింది. రెండు గదులని, ఇక్కడి నుంచి రక్తం మొప్పలకి పోతుందని, అక్కడ గాలి కలుపుకుని ఒళ్లంతా తిరుగుతుందని చెప్పింది. ఇంగ్లీషు పేర్లు రెండు తడబడింది, మిగతావి చెప్పింది.

మేడం ఇంకోటి అడిగింది. ఇంట్లో ముందు మొప్పలే ఎందుకు తీస్తారని.

“ముందు కుళ్లేది అయ్యే మేడం” అంది పిల్ల. “రగతం అంతా అక్కడే తిరుగుతాది. అందుకే కొనేవాళ్లు కూడా మొప్ప ఎత్తే చూస్తారు.”

మేడం ఏదో రాసుకుంది. మొహంలో ఏమీ కనబడలేదు. ఉన్నచోట చూపించలేదు కాబట్టి సగం మార్కులు కోసేశానని తర్వాత నాతో అంది. నేను బతిమాలబోయాను. పరీక్ష అంటే పరీక్ష నర్సమ్మా, గాలిబుడగకి కూడా మార్కులేసే గది కాదు ఇది అంది. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె మాటే సరి.

ఇరవై పేర్లు

సాయంత్రం నాలుగింటికి లిస్టు బోర్డు మీద అంటించారు. పిల్లలు మూగి, కొందరు నవ్వుతూ కొందరు ఏడుస్తూ వెళ్లిపోయారు. నూకరత్నం రాలేదు. ల్యాబులోనే ఉండి, ఎవరూ చెప్పకపోయినా, నలభై ట్రేలూ తోముతోంది. చూసుకో అంటే, నువ్వెల్లి సూడు అత్తా అంది.

వెళ్లాను. బోర్డు ముందు ఎల్లాజీ ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని. కాగితాన్ని పై నుంచి కింద దాకా శ్రద్ధగా చూస్తున్నాడు. నేను పక్కన నిలబడి నేనూ చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. ఆయన మొహంలో సంతోషం లేదు, దుఃఖం లేదు. పోయిందనుకున్నాను. నా మొహం చూసి ఆయనా అదే అనుకున్నాడంట. ఎవరి బాధ వాళ్లం మింగుతూ, ఎంతసేపో అలా నిలబడ్డాం. చప్రాసీ ఒకడు మా వెనకనుంచి వెళ్తూ, ఏంటి ఇంతసేపు చదువుతున్నారు అన్నాడు కూడా.

తడి చేతులు పరికిణీకి తుడుచుకుంటూ నూకరత్నం వచ్చింది. మా ఇద్దరి మధ్యలోంచి తల దూర్చి బోర్డు చూసింది. వేలు కింద నుంచి పైకి జరిపింది. ఒక్క పేరు దాటి ఆపింది.

“సోమారం నుంచి కిలాసులంట నాయినా” అంది. “తెల్లకోటు కుట్టించాల.”

ఎల్లాజీ నా వైపు తిరిగాడు. “మరి సెప్పవేటి అప్పా, ఇందాకట్నుంచి సదువుతన్నావు కదా.”

“నువ్వు సదువుతన్నావని నాను ఊరుకున్నాను” అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను, ఒక్క క్షణం బోర్డుని చూశాడు. తర్వాత డబ్బా కింద పెట్టి, కూతురి భుజాలు ఈ చివర నుంచి ఆ చివరికి జానలతో కొలిచాడు. కోటు కొంచెం వదులుగా కుట్టించాలి, రెండేళ్లు తొడుక్కోవాలి కదా అన్నాడు.